మోసే నడుముకూ కసరత్తు కావాలి

యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో సుల్తానాబాద్ నుంచి పెద్దపల్లి దాకా రాజీవ్ రహదారి పక్కన లారీలు బారులు తీరుతాయి. ఒక్కో లారీ దగ్గర నలుగురైదుగురు హమాలీలు. తలకు రుమాలు, చేతిలో కొక్కెం, మెడ మీద 40 కిలోల బస్తా. రోజుకు 200 బస్తాలు ఎత్తిన మనిషి 8 టన్నులు మోసినట్టు లెక్క. అట్లాంటి ఒక సాయంత్రం, చాయ్ హోటల్ బల్ల మీద నడుం పట్టుకొని కూర్చున్న ఒక హమాలీతో, ‘‘అన్నా, పొద్దుగాల ఓ పది నిమిషాలు నడుముకు కసరత్తు చేస్తే మంచిగుంటది’’ అన్నాను. ఆయన నవ్వలేదు, కోపానికీ రాలేదు. ‘‘నాకెందుకు తమ్మీ కసరత్తు? పొద్దందాక బస్తాలు మోసుడు కసరత్తు కాదా?’’ అన్నాడు. పక్కనున్నవాళ్లంతా తలలూపారు.

ఆ మాట ఆయనొక్కడిది కాదు. పొలం గట్టు మీద వింటాం, బొగ్గు బాయి కాడ వింటాం, పొద్దున్నే మైదానంలో చుట్లు కొట్టే ఉద్యోగుల నోటా వింటాం. కాయకష్టం చేసేవాడికి వేరే కసరత్తు అక్కర్లేదని, అది కూర్చుని తినేవాళ్ల అవసరమని మనలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయని సూత్రమైపోయింది. ఆ మాట అనేవాళ్లకు కష్టజీవి మీద గౌరవం ఉంది, కాదనను. కానీ సూత్రం తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నవి మోసేవాళ్ల నడుములు, మోకాళ్లు, మెడలు. అందుకే దీన్ని ఖండించాలి.

ముందు అవతలి వాదనను దాని పూర్తి బలంతో చెప్పుకుందాం. దానికి మూడు కాళ్లున్నాయి. మొదటిది: వాడితే కండ పెరుగుతుంది, కూలి మనిషి రోజంతా వాడుతూనే ఉన్నాడు, కాబట్టి అతని ఒళ్లంతా గట్టిదే. రెండోది: మన తాతలు ఏ జిమ్ముకూ పోలేదు, ఎనభై ఏళ్లు గట్టిగా బతికారు. మూడోది: శాస్త్రం కూడా ఇదే చెప్పింది. ఈ మూడోది గాలిమాటేమీ కాదు. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బంది మీద ప్రచురించిన పరిశీలన వైద్య చరిత్రలో నిలిచిపోయింది. రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, స్టీరింగు ముందు కూర్చునే డ్రైవర్ల కన్నా గుండెజబ్బులు తక్కువని తేలింది. 1970లలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కూలీల లెక్కలు తీసి, బరువు పని చేసేవారిలో గుండెజబ్బు చావులు తక్కువని చూపాడు. కాబట్టి అవతలి పక్షం చేతిలో సాక్ష్యమే లేదనడం అన్యాయం.

ఇక మొదటి కాలు సంగతి. వాడితే కండ పెరుగుతుందన్నది సగం నిజం. కండ పెరగాలంటే నిన్నటి కన్నా నేడు కొంచెం ఎక్కువ భారం పడాలి. కీలు కదలగలిగినంత మేర పూర్తిగా కదలాలి. కుడికీ ఎడమకూ సమానంగా పని అందాలి. ఆపైన కోలుకునేంత విశ్రాంతి దొరకాలి. బస్తా పనిలో ఈ నాలుగింటిలో ఏది ఉంది? నిరుడూ బస్తా 40 కిలోలే, ఈయేడూ 40 కిలోలే. కొత్తగా పనిలోకి వచ్చినవాడికి మొదటి నెల ఒళ్లు హూనమవుతుంది, రెండో నెలకు అలవాటు పడుతుంది. ఆ అలవాటు పడడమే పెరగడం. అక్కడితో పెరుగుదల ఆగిపోతుంది, అరుగుదల ఆగదు. బస్తా ఎప్పుడూ అలవాటైన భుజం మీదికే వస్తుంది. బస్తాకింత అని కూలి కట్టినచోట కాసేపు నడుం వాలిస్తే ఆ మేరకు కూలి తెగుతుంది. రెక్కాడితే గాని డొక్కాడని బతుకులో రెక్కకు సెలవెక్కడిది?

అంతకన్నా లోతైన విషయం ఇంకొకటుంది. బస్తా లారీ ఎక్కిందా లేదా అన్నదే పని అడుగుతుంది. ఏ కండ ఎక్కించింది, ఏ కండ తప్పించుకుంది అని అడగదు. పిరుదుల కండ చాలకపోతే ఆ భారం నడుము తీసుకుంటుంది. రెక్కల నడుమ కండ చాలకపోతే మెడ తీసుకుంటుంది. ఎడమ కాలు వెనుకాడితే కుడికాలు ముందుకొస్తుంది. ఇది శరీరానికి పుట్టుకతో వచ్చిన సర్దుబాటు. దానివల్లనే బస్తా చేరాల్సిన చోటికి చేరుతుంది, దానివల్లనే బలహీనమైన కండ బలహీనంగానే మిగిలిపోతుంది. ఇరవై ఏళ్లు గడిచాక, ఇంటిల్లిపాది భారం మోసిన పెద్దకొడుకులాగా, ఆ నడుమే ముందు కూలుతుంది. అప్పుడు అందరూ నడుమునే తిడతారు. నొప్పి లేచినచోట పట్టీ కడతారు, సూది వేయిస్తారు, గోలీ మింగుతారు. పని ఎగ్గొట్టిన కండ ఎక్కడో ఉందని, నొప్పి దానిది కాకపోయినా లోపం దానిదని ఎవరికీ తోచదు. ఇన్నేళ్ల బరువు పని ఆ లోపాన్ని నయం చేయలేదు సరిగదా, కప్పిపెట్టింది.

నాట్ల పని చూడండి. కాల్వశ్రీరాంపూర్ నుంచి మంథని దాకా కాలువ నీళ్లు పారే మళ్లలో ఆడవాళ్లు పొద్దంతా వంగి నాట్లేస్తారు. నడుముకు ఇంతకన్నా కసరత్తు ఏముంటుందని చాలామంది అనుకుంటారు. మరి ఆ నడుములెందుకు గట్టిపడవు? ముప్పై అయిదేళ్లకే ‘‘నడుం లేస్తలేదు’’ అనే మాట ఎందుకు వినబడుతుంది? జవాబు 1950లలోనే దొరికింది. బ్రిటన్‌లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు పరిశోధకులు వెన్ను కండరాల్లో పుట్టే విద్యుత్తును కొలిచారు. మనిషి వంగడం మొదలుపెట్టినప్పుడు ఆ కండరాలు గట్టిగా పనిచేస్తాయి. పూర్తిగా వంగాక దాదాపు మూగబోతాయి. అప్పుడు పైశరీరం బరువును ఆపేవి వెన్నుపూసలను కట్టి ఉంచే నారలూ, సాగి బిగుసుకున్న కణజాలమూ. అంటే మడిలో వంగి ఉన్నంతసేపూ ఆమె వెన్ను కండకు అందే పని తక్కువ, నారలకు పడే సాగుడు ఎక్కువ. ఇంతటి కష్టంలో కూడా ఆ కండకు శిక్షణ దొరకడం లేదు. పొద్దంతా తలవంచి బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడదీ ఇదే కథ. వేళ్లకు నేర్పు వచ్చింది, మెడకు పోటు వచ్చింది.

రెండో కాలు, తాతల కథ. మనం గుర్తుపెట్టుకున్నది బతికి బట్టకట్టిన తాతలను. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. అందులో పసిపిల్లల చావుల వాటా పెద్దదే అయినా, ఆ కాలపు మనుషులంతా ఉక్కుముక్కలు అనుకోవడానికి ఆధారం లేదు. మిల్లు దగ్గర కూడా ఇదే కంటిమాయ. యాభై ఏళ్ల వయసులో బస్తా మోసే మనిషిని చూసి ‘‘కష్టం చేసిన ఒళ్లు చూడు’’ అంటాం. అతనితోపాటు పనిలో చేరి, నడుం పోయి, ఇప్పుడు రాత్రి కాపలా కూర్చుంటున్నవాడిని లెక్కలోకి తీసుకోం. ఇంటి అరుగు దాటనివాడిని అసలే తీసుకోం. మోయగలిగినవాళ్లే మోతలో మిగిలారు. మోత వాళ్లను గట్టిచేసిందని మనం తిరగేసి చదువుకుంటున్నాం.

తాతలు కసరత్తు చేయలేదన్నదీ నిజం కాదు. తెలంగాణ పట్టణాల్లో, పెద్ద ఊళ్లలో తాలీంలుండేవి. తెల్లారకముందే ఎర్రమట్టి గోదాలో దిగి దండీలు, బస్కీలు తీసి, ముద్గరలు తిప్పి, ఆ తర్వాత పనికి పోయినవాళ్లున్నారు. నాగలి పట్టుడే చాలనుకుంటే ఆ మట్టి ఎందుకు తవ్వారు? దండీ ఛాతీనీ భుజాన్నీ, బస్కీ తొడనూ పిరుదునూ, ముద్గర భుజపు కీలు చుట్టూ ఉన్న చిన్న కండలనూ విడివిడిగా పట్టించుకుంటుందని వాళ్లకు అనుభవం చెప్పింది. ఏనుగును ఛాతీ మీదుగా నడిపించాడని తెలుగు నేలంతా చెప్పుకునే కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన మనిషి. ఆయన బలం వెనక చదువుంది, క్రమం ఉంది.

బరువెత్తడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లను చూసినా ఇదే తెలుస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. పోటీలో ఉండేవి ఆ రెండు ఎత్తుళ్లే. అయినా ఏ వెయిట్‌లిఫ్టరూ ఆ రెండే చేసి ఊరుకోరు. బస్కీలు వేరేగా, నేల మీంచి గుంజడం వేరేగా, భుజాలకూ వీపుకూ వేరేగా కసరత్తు ఉంటుంది. బరువు నేల వదలకపోతే కాళ్ల సంగతి చూస్తారు. కూర్చున్నచోటి నుంచి లేవలేకపోతే తొడలు, పిరుదులు చూస్తారు. నెత్తిమీద నిలవకపోతే భుజం, వీపు పైభాగం చూస్తారు. ఎత్తు ఎక్కడ ఆగిందో కనిపెట్టి అక్కడ పని మొదలుపెట్టడం శిక్షకుడి విద్య. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఎత్తుళ్లతో పోటీ ముగించేవాళ్లకు ఈ విద్య కావాల్సి వచ్చినప్పుడు, రోజుకు 200 సార్లు ఎత్తేవాడికి అక్కర్లేదని ఏ నోటితో అంటాం?

మూడో కాలు, శాస్త్రం. మోరిస్ బృందమే 1956లో మరో చిన్న పరిశీలన ప్రచురించింది. బస్సు సిబ్బందికి ఇచ్చే యూనిఫారాల కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల నడుము చుట్టుకొలత కండక్టర్ల కన్నా పెద్దదని, ఉద్యోగం తొలినాళ్లలోనే ఆ తేడా ఉందని తెలిసింది. అంటే కొంత తేడా పని వల్ల వచ్చింది, కొంత మనుషులు వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్నది. పైగా ఆ పరిశీలనలు గుండె గురించి. వెన్నుపూస గురించీ మోకాటి చిప్ప గురించీ అవేమీ చెప్పలేదు. మెట్లెక్కి దిగడానికీ మెడ మీద బస్తాతో నడవడానికీ తేడా ఉంది. తర్వాత వచ్చిన లెక్కలు గుండె విషయంలో కూడా ఆ నమ్మకాన్ని కదిలించాయి. 2018లో పీటర్ కూనెన్ బృందం 17 పరిశీలనల్లోని 1,93,696 మంది వివరాలను కలిపి చూసింది. పనిలో శారీరక శ్రమ ఎక్కువున్న మగవాళ్లకు, తక్కువున్నవాళ్లతో పోలిస్తే అకాల మరణ ముప్పు 18 శాతం ఎక్కువగా కనిపించింది. పేదరికం, పొగతాగుడు లాంటివి ఇందులో ఎంత పాలు పంచుకున్నాయో పూర్తిగా విడదీయడం కష్టం. కానీ బరువు పని ఆరోగ్యాన్ని తనంతట తానే ఇస్తుందన్న ధీమాకు మాత్రం ఇక చోటు లేదు. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ దీన్ని శారీరక శ్రమలోని వైరుధ్యం అంటాడు. తీరిక వేళ చేసే శ్రమ మేలు చేస్తుంది, పొట్టకూటికి చేసే శ్రమ అట్లా చేయదు. గంటల తరబడి ఆగని శ్రమ, బరువెత్తినప్పుడల్లా పెరిగే రక్తపోటు, చాలని విశ్రాంతి, ఎప్పుడు ఆగాలన్నది తన చేతిలో లేకపోవడం ఆయన చూపే కారణాలు. మా హమాలీ అన్న రోజును ఆయన చూసి రాశాడా అనిపిస్తుంది.

ఈ సూత్రం పుట్టిన కాలపు పని కూడా ఇప్పుడు లేదు. గోదావరిఖని బాయిల్లో ఒకప్పుడు ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌లతో బొగ్గెత్తి టబ్బులు నింపేవారు. తర్వాత బొగ్గెత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి, అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం వచ్చింది, ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు తిరుగుతున్నాయి. నాటి ఫిల్లర్ కొడుకు నేడు డంపర్ సీట్లో షిఫ్టంతా అదురుతూ కూర్చుంటున్నాడు. వరికోత హార్వెస్టర్ చేతికి పోయింది. రైతు రోజులో చాలాసేపు ట్రాక్టర్ మీదో బండి మీదో ఉంటున్నాడు. అలసట మిగిలింది, కండకు పని తగ్గింది. అయినా నోట్లో మాత్రం పాత మాటే: ‘‘మేం కష్టం చేసేటోళ్లం, మాకేం అయితది?’’

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. పొద్దంతా చచ్చేంత పని చేసి వచ్చినవాడిని మళ్లీ కసరత్తు చేయమనడానికి నోరెట్లా వస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు డెన్మార్క్‌లోని మాంసం కర్మాగారాల్లో దొరికింది. రోజంతా కత్తితో కోసే పనిలో భుజాలు, చేతులు దీర్ఘకాలంగా నొప్పి పెడుతున్న 66 మంది కార్మికులను పరిశోధకులు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పనిచేసే పద్ధతి, భంగిమ మార్చుకోవడం నేర్పారు. రెండో జట్టుకు భుజం, ముంజేయి, మణికట్టు కండలకు వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాల చొప్పున, పది వారాలు బలం పెంచే కసరత్తు చేయించారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల్లో నొప్పి ఎక్కువగా తగ్గింది కసరత్తు చేసిన జట్టుకే. చేతులతోనే బతికేవాళ్ల చేతులకు, పనిని ఆపకుండానే, వారానికి అరగంట శిక్షణ మేలు చేసింది. అలసిన కండకు మరింత పని చెప్పడం కసరత్తు ఉద్దేశం కాదు. అలసిపోయిన కండకు తోడుగా, ఇన్నాళ్లూ పని తప్పించుకున్న కండను నిలబెట్టడం దాని ఉద్దేశం.

మరి ఆ కండను పట్టుకోవడం ఎట్లా? అద్దంలో చూస్తే దొరకదు. సన్నగా ఉన్నది బలహీనమనీ, ఉబ్బినది బలమైనదనీ అనుకోవడం మన జిమ్ముల్లోని పిల్లలు చేస్తున్న తప్పు. కనబడే ఛాతీనీ దండచేతినీ పెంచుతారు, కనబడని వీపునూ తొడ వెనకభాగాన్నీ వదిలేస్తారు. పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతూ 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరలేకపోయిన కుర్రవాడు చేతిలో బలం లేదని డంబెల్ పట్టుకుంటాడు. గుండు విసురు నేల దగ్గర, కాలి తోపులో మొదలై, తుంటి తిప్పులో పెరిగి, చివరికి చేతికి చేరుతుంది. చేతికి చేరకముందే ఎక్కడ ఆవిరవుతుందో చూడకుండా చెయ్యి పెంచితే దూరం పెరగదు. హమాలీదీ ఈ కుర్రవాడిదీ పొరపాటు ఒకటే. బలం ఎక్కడ తెగిందో పరీక్షించకుండానే తీర్పు చెప్పుకుంటున్నారు.

పరీక్షలకు యంత్రాలక్కర్లేదు. గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మడమను పూర్తిగా లేపుతూ దించాలి. ఆరోగ్యవంతుడికి 25 సార్లు రావాలని 1995లో లన్స్‌ఫర్డ్, పెర్రీ అనే ఇద్దరు సూచించారు. కుడికాలు 25 చేసి, ఎడమ 14 దగ్గర ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఒక పక్కకు తిరిగి పడుకొని, మోచేయి మీద ఒళ్లు లేపి కట్టెలాగా నిలవాలి. ఎన్ని సెకన్లు నిలిచామో రెండు పక్కలా లెక్కపెడితే, ఏ పక్క నడుం బస్తాకు అలవాటుపడి రెండో పక్కను వదిలేసిందో తెలుస్తుంది. అరవై దాటినవాళ్లు చేతులు ఛాతీకి కట్టుకొని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూసుకోవచ్చు. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కన్నా తక్కువని అర్థం. 

అన్నింటికన్నా ముఖ్యం వెన్ను పరీక్ష. బల్ల అంచున తుంటి వరకు బోర్లా పడుకొని, కాళ్లను ఒకరు పట్టుకోగా, నడుం పైభాగాన్ని గాలిలో అడ్డంగా నిలపాలి. గరిష్ఠంగా నాలుగు నిమిషాలు. డెన్మార్క్ వైద్యుడు బీరింగ్-సోరెన్‌సెన్ 1984లో ప్రచురించిన పరిశీలనలో, ఇట్లా ఎక్కువసేపు నిలవగలిగిన మగవాళ్లకు ఆ తర్వాతి ఏడాదిలో నడుంనొప్పి మొదటిసారి రావడం తక్కువని కనిపించింది. నాలుగు నిమిషాల్లో ఏడాది జాతకం కొంతైనా చెప్పే ఈ పరీక్షను మన మిల్లుల్లో, బాయిల్లో ఎంతమందికి చేశాం?

కనిపెట్టాక మందు కూడా సులువైనదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక ఆసుపత్రిలో థామస్ డెలార్మ్ అనే డాక్టరు, మోకాలు దెబ్బతిని తొడ కండ కుంగిపోయిన సైనికులకు వైద్యం చేశాడు. అప్పటిదాకా అలాంటివాళ్లకు తేలికపాటి కదలికలే ఎక్కువసార్లు చేయించేవారు. ఆయన బరువు పెట్టి, వారం వారం పెంచాడు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. 1948 నాటికి స్థిరపడిన ఆయన లెక్క ఇదీ: పదిసార్లు మాత్రమే ఎత్తగలిగిన బరువు 20 కిలోలైతే, మొదటి విడత 10 కిలోలతో పదిసార్లు, రెండో విడత 15తో పదిసార్లు, మూడో విడత 20తో పదిసార్లు. అది సులువైనప్పుడు బరువు పెంచాలి. పనికీ శిక్షణకూ తేడా ఆ చివరి మాటలో ఉంది.

దీనికి ఇసుక నింపిన సంచి చాలు, పాత సైకిల్ ట్యూబు చాలు. బలహీనమైన కండకు ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే, అన్నింటికన్నా ముందు పని చెప్పాలి. బలహీనమైన పక్క ఎన్నిసార్లు చేస్తే బలమైన పక్కా అన్నిసార్లే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. కీలు కదిలినంత మేర పూర్తిగా, నిదానంగా కదపాలి. వారానికి రెండు మూడుసార్లు చాలు, నడుమ రోజు వదలాలి. పిరుదులకు వెల్లకిలా పడుకొని తుంటి లేపడం, రెక్కల నడుమకు ట్యూబు గుంజడం, తొడ వెనక కండకు మోకాళ్ల మీద నిలిచి మడమలు ఒకరు పట్టుకోగా నిదానంగా ముందుకు వాలడం. ఈ చివరిది ఉన్న శిక్షణతో ఆటగాళ్లలో తొడ వెనక కండ గాయాలు సుమారు సగానికి తగ్గినట్టు 2019లో వచ్చిన సమీక్ష ఒకటి చూపింది. మన కబడ్డీ, ఖోఖో పిల్లలకు ఇది బడిలోనే నేర్పాలి. మొదటి కొన్ని వారాల్లో కండ లావెక్కదు, దానికి కబురందించే నరాలు తేరుకుంటాయి. అద్దంలో తేడా లేదని అక్కడే మానేసేవాళ్లు గెలుపు గుమ్మంలో వెనక్కి తిరిగినట్టు. కాలిలోకి తిమ్మిరి దిగుతున్నా, కాలు పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా ఈ కసరత్తుల జోలికి పోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఈ వాదనను పట్టుకొని ‘‘కసరత్తు చేయండి, అన్నీ సర్దుకుంటాయి’’ అని యజమాని చేతులు దులుపుకుంటానంటే నేను ఒప్పుకోను. మగ కార్మికుడు మామూలుగా మోయాల్సిన బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అది ఒకసారి మోసే బరువుకు పెట్టిన హద్దు. రోజుకు వందలసార్లు మోసేవాడి విషయంలో బస్తా 40 కిలోలే కదా అని తృప్తిపడడానికి లేదు. ఎత్తే యంత్రం, బస్తాలను చేరవేసే బెల్టు, నడుమ విరామం, తిండికి చాలే కూలి ముందు రావాలి. రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. అన్నం, పచ్చిపులుసుతో కడుపు నిండుతుంది గానీ ఈ లెక్క నిండదు. పప్పు, గుడ్డు లేని పళ్లేనికి కసరత్తు బోధించడం పాపం. ఇవన్నీ హక్కులు. కండను సరిదిద్దే శిక్షణ కూడా ఆ హక్కుల వరుసలోనే ఉండాలని నా వాదన. కష్టజీవికి అది అక్కర్లేదనడం పొగడ్తలా వినిపించే నిరాకరణ.

చేయగలిగిన పనులు కళ్లముందే ఉన్నాయి. రామగుండంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి వైద్యులు, ఫిజియోథెరపిస్టులు సీజనుకు ముందొకసారి, తర్వాతొకసారి మిల్లులకు వచ్చి హమాలీల నడుం, కాళ్లు, భుజాలు పరీక్షించవచ్చు. అదే ఏడాది ఊరూరా క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. వాటిలోని ఇనుప బార్లు పిల్లలకే పరిమితం కానక్కర్లేదు. నాట్లకు పోయే ఆడవాళ్లకు ఆ బారుకు ట్యూబు కట్టి గుంజడం నేర్పడానికి ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు చాలు. హమాలీ సంఘాలు కూలి రేట్ల ఒప్పందంలోనే వారానికి మూడుసార్లు పది నిమిషాలు రాయించుకోవాలి. బాయి దిగేముందు దీపం ఇచ్చినట్టే, హాజరు వేసినట్టే, ఆ పది నిమిషాలు షిఫ్టులో భాగం కావాలి.

‘‘బస్తాలు మోసుడు కసరత్తు కాదా?’’ అని అడిగిన అన్నకు ఆ సాయంత్రం నేను సరైన జవాబివ్వలేకపోయాను. ఇప్పుడిస్తున్నాను. కాదన్నా. మిల్లుకు వచ్చిన వడ్లకు తేమ చూస్తారు, 17 శాతం దాటితే పక్కన పెడతారు. బస్తాకు కాంటా పెడతారు. లారీని వే బ్రిడ్జి ఎక్కిస్తారు. ఆ వడ్లను మోసే నీ నడుము ఎంతసేపు నిలుస్తుందో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ చూడలేదు. ఆ చాయ్ హోటల్ బల్ల చాలు. నువ్వు బోర్లా పడుకో, కాళ్లు నేను పట్టుకుంటాను, నాలుగు నిమిషాలు లెక్కపెడదాం.